తుమ్మనుకొని దీవించాను

నెల రోజులుగా ఒక పేరు నా గొంతులో అడ్డం పడి ఉంది. చేపముల్లయితే ఒట్టి అన్నం ముద్ద మింగి కిందికి తోసెయ్యొచ్చు. పేరును ఏం మింగి తోసేది?

పేరు నాది కాదు. మా ఎమ్మిగనూరు దోస్తు మనవడిది.

ఆ రోజు పొద్దున ఎనిమిది గంటలకు ఉగ్గాని సగం తిని, మిరపకాయ బజ్జీ తొడిమ పట్టుకొని కొరకబోతున్నాను. ఫోన్ మోగింది. "తిక్కా, మనవని పేరు ఖాయం జేసినార్రా" అన్నాడు వాడు. "ఏం పేరు?" అన్నాను. అటునుంచి ఒక శబ్దం వచ్చింది. మొదట కొంచెం గాలి పీల్చినట్టు, మధ్యలో ముక్కులో ఏదో తగులుకున్నట్టు, ఆఖరుకు 'ష్' అని విడిచిపెట్టినట్టు. పాపం, మనవణ్ణి చూడ్డానికి బెంగళూరు పోయొచ్చాడు కదా, అక్కడి చలికి జలుబు పట్టుకున్నట్టుంది అనుకున్నాను.

"చిరంజీవ" అన్నాను.

మా ఇంట్లో ఎవరు తుమ్మినా అనే మాటే. నోటికి అలవాటు. అటువైపు రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత వాడి గొంతు బొంగురుపోయింది. "నీ నోటి చలవరా. అందరికంటే ముందు నువ్వే దీవించినావు. తిక్క మామకు శానా నచ్చింది అని మావోనికి ఇప్పుడే చెప్తా" అని పెట్టేశాడు.

బజ్జీ చల్లారిపోయింది. అది తుమ్ము కాదు, పేరు అని నాకు తెలిసేసరికి బెంగళూరుకు కబురు కూడా చేరిపోయింది.

ఆ పేరు ఇక్కడ రాయను. వాళ్ళింట్లో పత్రికలు చదివేది వాడు కాదు, వాడి భార్య. ఆ చెల్లెమ్మ చేతి జొన్నరొట్టెలు నేను ఇంకో ఇరవై ఏళ్ళు తినాలి. పైగా రాద్దామన్నా తెలుగులో ఉన్న ఒత్తులు చాలడం లేదు. నాకు తెలిసినంతవరకు దాని తయారీ ఇట్లా జరిగింది: తల్లి పేరులోంచి మొదటి ముక్క, తండ్రి పేరులోంచి చివరి ముక్క, సంఖ్యాశాస్త్రం చెప్పేవారెవరో కలపమన్న రెండు హెచ్‌లు, ఒక వై, తోకకు 'ష్'. అర్థం ఏమిటంటే విష్ణుమూర్తి తేజస్సులో ఒక భాగమట. ఈ నాలుగైదేళ్ళలో పుట్టిన మగపిల్లలందరూ ఎవరో ఒక దేవుడి తేజస్సులో భాగాలే. ఇట్లా అందరూ వాటాలు పంచుకొని పోతే ఆ దేవుళ్ళ దగ్గర చీకట్లో చెప్పులు వెతుక్కునేంత వెలుతురైనా మిగిలిందో లేదో.

మామూలు మనిషి అయితే 'బాగుందండీ' అని ఒక అబద్ధం పారేసి మరచిపోయేవాణ్ణి. కానీ వీడికీ నాకూ మధ్య అబద్ధం నడిచిన చరిత్ర లేదు. వాడు ఇంటికి చిలకపచ్చ రంగు వేయించుకుంటే, పెట్రోలు బంకు అనుకొని లారీలు ఆగుతాయి చూసుకో అన్నాను. నా మొదటి వ్యాసం అచ్చయినప్పుడు వాడు పూర్తిగా చదివి, "దీన్ని అచ్చేసినోనికి ఇంట్లో పనేం లేదా?" అన్నాడు. ఊళ్ళ పేర్లను కూడా వదల్లేదు మేము. కన్నడంలో ఎమ్మె అంటే బర్రె. సరిహద్దు మనుషులం, ఆ మాత్రం కన్నడం మాకు ఉగ్గుపాలతో వస్తుంది. నలభై ఐదేళ్ళుగా వాణ్ణి బర్రెలూరి దొరా అనే పిలుస్తున్నాను. వాడు ఊరుకుంటాడా? ఔరంగజేబు సైన్యం 1688లో ఆదోని కోట పట్టుకొని దానికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టింది. ఆ పేరుతో టంకసాల నడిపి నాణేలు కూడా కొట్టించారు. "పాదుషా అంతటోడు వెండి మీద అచ్చు కొట్టించి ఇస్తే మీకు నోరు తిరగకపాయె, మళ్ళా ఆదోని అనే పలుకుతిరి" అని వాడి ఎకసెక్కం. నిజానికి దాంట్లో నాకు భలే గర్వం. పాదుషా నాణెం మీద కొట్టించుకుంటాడు గానీ జనం నోట్లో కొట్టించగలడా?

అట్లాంటి స్నేహంలో మొదటి అబద్ధం తుమ్ము రూపంలో వచ్చి కూర్చుంది.

నిజం చెప్పేద్దామని మా ఆవిడతో అన్నాను. "పిల్లోడు వాళ్ళోడు, మీకెందుకు?" అంది. పిల్లోడు వాళ్ళోడే, పిలవాల్సిన నోరు నాది కదా అన్నాను. "ఆ నోరు ఇన్నేళ్ళు ఏం చక్కగా పలికిందని" అని చేటలో బియ్యం ఎగరేసుకుంటూ లోపలికి పోయింది.

చట్టంలో ఏమైనా సందు ఉందేమో చూశాను. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లో పుట్టుక నమోదు చేయించాలి, కానీ పేరు అప్పుడే చెప్పాలని ఏం లేదు. ఆ గడి ఖాళీగా వదిలెయ్యొచ్చు. 12 నెలల లోపు వెళ్ళి ఉచితంగా రాయించుకోవచ్చు. ఆ తర్వాత కూడా రుసుము కట్టి 15 ఏళ్ళ దాకా చేర్పించుకోవచ్చు. 15 ఏళ్ళు! ఆ చట్టం రాసినాయన ఎవరో గానీ మా దోస్తు లాంటి తాత మనసు తెలిసినవాడు. వెంటనే ఫోన్ చేసి, "పేరుకు తొందరేం లేదంటరా, పిల్లోడు తొమ్మిదో క్లాసుకు వచ్చేదాకా టైముంది" అన్నాను. "మావోడు ఆస్పత్రిలోనే ఆన్‌లైన్‌లో రాయించేసినాడు. హెచ్‌లు రెండూ పడినాయా లేదా అని నాలుగుసార్లు చూసుకున్నాడు" అన్నాడు.

దేశాలు పట్టుకొని కూడా తిరిగాను. ఐస్‌లాండ్‌లో పిల్లల పేర్లు చూడ్డానికి ఒక ప్రభుత్వ సంఘమే ఉంది, 1991 నుంచి. కొత్త రకం పేరు పెట్టాలంటే అది వాళ్ళ భాష వ్యాకరణానికి ఒదుగుతుందో లేదో ఆ సంఘం చూసి ఒప్పుకోవాలి. న్యూజిలాండ్‌లో ఒక పిల్లకు 'టలూలా డజ్ ది హూలా ఫ్రమ్ హవాయీ' అని పేరు పెట్టారు. అది పేరు కాదు, ప్రయాణ వివరం. ఆ పిల్ల సిగ్గుతో తన పేరు స్నేహితులకే చెప్పుకోలేకపోయింది. తొమ్మిదేళ్ళప్పుడు సంగతి కోర్టు దాకా వస్తే, పేరు మార్చడానికి వీలుగా జడ్జిగారు పిల్లను కోర్టు సంరక్షణలోకి తీసుకున్నారు. 2008లో పత్రికలన్నీ రాశాయి. అట్లాంటి జడ్జి ఒకాయన ఆదోనికి బదిలీ మీద వస్తే బాగుండు అనుకున్నాను కొన్నాళ్ళు. మనకు పేర్ల సంఘం లేదు. ఉన్నవల్లా మేనత్త, పంచాంగం, ఇప్పుడు కొత్తగా గూగులమ్మ.

పంచాంగం జోలికి పోను. నక్షత్రాలు 27, పాదాలు నాలుగేసి, అక్షరాలు 108. హస్త మూడో పాదంలో పుట్టిన పాపానికి 'ణ'తో పేరు వెతకాలి. అది అందరికీ తెలిసిన బాధే.

నా గొడవ వేరు. పేరుకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే. పిలిస్తే సాగాలి.

ఇది నేను పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. ముప్పై ఐదేళ్ళు జిన్నింగు మిల్లులో లెక్కలు రాశాను. పత్తి కాలంలో ఆదోని మార్కెట్ యార్డు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, చూడనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. బోరాలు, లారీల హారన్లు, వేలంపాట పాడేవాళ్ళు, తక్కెడ దగ్గర తగాదాలు, గాలి నిండా దూది. ఆ గోలలో చీటీ పట్టుకొని గట్టు మీద నిలబడి ఒక మనిషిని పిలవాలి. అప్పుడు తెలుస్తుంది ఏ పేరు పేరో, ఏది కాదో. "ఈరన్నా..." అని పిలిచి చూడండి. ఆ 'న్నా'ను పట్టుకొని ఎంతసేపు లాగినా తెగదు. ఈరన్న బీడీ పూర్తిగా తాగి, ఆర్పి, మిగిలిన ముక్క చెవి మీద పెట్టుకొని, "ఏం సామీ" అనేదాకా వస్తుంది. గాలివాటంగా ఉంటే రణమండల కొండ మీద ఆంజనేయుడు కూడా ఒకసారి తల తిప్పి చూస్తాడు. "ఉరుకుందప్పా..." ఇంకా మేలు, మొదట్లో పరుగు, చివర్లో సాగదీత. "నరసింహులూ..." అంటే మూతి సున్నా చుట్టి గురి చూసి కొట్టినట్టు పోతుంది. "హుసేనప్పా..." అంటే ముగ్గురు పలుకుతారు, ముగ్గురూ పీర్లకు మొక్కుకుంటే పుట్టినవాళ్ళే, అందులో ఇద్దరు నామం పెట్టుకునేవాళ్ళు. మా వైపు అది వింతా కాదు, విశేషమూ కాదు.

పేర్లకు మాకు ఎప్పుడూ కరువు లేదు, రకాలకే కరువు. ఉరుకుంద ఈరన్న స్వామి పుణ్యమా అని మా క్లాసులో ఐదుగురు ఈరన్నలు. పొడుగీరన్న, గిడ్డీరన్న, మిల్లీరన్న, మేకల ఈరన్న, ఇంకొకడు ఉత్త ఈరన్న. ఇంకో పక్క మంత్రాలయం. రాఘవేంద్రస్వామికి ఆ ఊరిని, అంటే అప్పటి మంచాల గ్రామాన్ని ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని చెబుతారు. స్వామి 1671లో బృందావనంలో ప్రవేశించారు. అప్పటినుంచి మా తాలూకాలో సగం ఇళ్ళకు పేరు వెతుక్కునే శ్రమ తప్పింది. బస్టాండులో నిలబడి "రాఘవేంద్రా" అంటే బస్సు ఎక్కబోయేవాళ్ళు కూడా దిగుతారు.

ఇప్పుడు ఈ 'ష్' సంగతికి రండి. దీన్ని ఎట్లా లాగుతారు? అనుమానం తీర్చుకుందామని ఒక సాయంత్రం మిద్దె ఎక్కి, ఎమ్మిగనూరు దిక్కుకు తిరిగి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకొని ఆ పేరును గట్టిగా పిలిచాను. పక్కింటి కోళ్ళు గూటి దగ్గరకు చేరినవి చేరినట్టే చెదిరిపోయాయి. పక్కింటామె బయటికొచ్చి, "అన్నా, మా కోళ్ళు మీ మిద్దెక్కినాయా?" అంది. రెండోసారి ఇంకొంచెం సాగదీసి 'ష్ ష్ ష్' అన్నాను. కిందినుంచి మా ఆవిడ, "ఎన్ని విజిళ్ళు వచ్చినాయి? పప్పుకు మూడు చాలు, దించమంటారా?" అంది. మూడోసారి మధ్యలో అచ్చు ఎక్కడుందో వెతికి దాన్ని లాగుదామని చూశాను. అక్కడ ఆ రెండు హెచ్‌లు కాపలా ఉన్నాయి, లోపలికి పోనియ్యలేదు. దగ్గు వచ్చింది.

మన భాష అజంత భాష, మాట ఏదైనా అచ్చుతో ముగియాలి. బయటినుంచి వచ్చిన మాటలకు కూడా మనం 'ఉ' కట్టి పంపిస్తాం. బస్, బస్సు అయింది. టికెట్, టికెట్టు అయింది. బ్రష్, బ్రష్షు అయింది. ఆ లెక్కన ఈ పిల్లోడు ఎమ్మిగనూరు వీధిలో అడుగుపెట్టిన మరునాడే వాడి పేరుకు కూడా ఒక 'షు' తగులుకుంటుంది. ఆపడం ఎవరి తరమూ కాదు. అప్పుడు దానికి ప్రాస కలిసేది ఒక్క బ్రష్షే. అయిదో క్లాసులో పిల్లలు ఆ ప్రాస కనిపెట్టకుండా ఉంటారా? నాతో చదివిన పిల్లలైతే మొదటి పీరియడ్‌లోనే కనిపెట్టేవాళ్ళు. శ్రావణమాసంలో ఉరుకుంద పోయినప్పుడు పిల్లోడు జనంలో తప్పిపోయాడే అనుకోండి. మైకులో ఎట్లా చెబుతారు? 'ఈరన్న అనే పిల్లవాడు' అంటే పది మంది తల్లులు పరిగెత్తుకొస్తారు, వాళ్ళలో ఒకరు అసలు తల్లి అయి ఉంటుంది. ఈ పేరు చెబితే మైకు పాడైందనుకొని ఎలక్ట్రీషియన్ పరిగెత్తుకొస్తాడు.

ఇంతదూరం ఎందుకొచ్చానో నాకే తెలియదు. పేరు నచ్చలేదని చెప్పాలా వద్దా అన్నది కదా అసలు సంగతి.

ఒక కాలంలో ఇది సమస్యే కాదు. పేరు బాగాలేదంటే కన్నవాళ్ళు సంతోషించేవాళ్ళు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినవాణ్ణి తిప్ప మీద ఒకసారి పడుకోబెట్టి తీసుకొచ్చి తిప్పన్న అనేవాళ్ళు. ఎంగిలి విస్తట్లో పెట్టి ఎత్తుకుంటే పుల్లయ్య. కొంగు పట్టి బిచ్చమడిగి పెంచితే బిచ్చన్న. యముడు వచ్చి పేరు విని, ఛీ, వీణ్ణెవరు తీసుకుపోతారు అని వెనక్కి పోవాలి. అదీ ఉద్దేశం. అంటే ఎవరికీ నచ్చకూడదనే కోరి పెట్టిన పేర్లు అవి. ఆ లెక్కన మా దోస్తు మనవడి పేరు కూడా పనికొస్తుంది. యమధర్మరాజుకు నోరు తిరగాలి కదా.

నా పేరూ ఆ జాతిదే. నన్ను తిక్కయ్య అన్నారు. బయటివాళ్ళకు తిక్క అంటే పిచ్చి. మా దగ్గర దాని బరువు వేరు. ఆదోనిలో మహాయోగి లక్ష్మమ్మవ్వ గుడి ఉంది, ఇప్పుడు వేలమంది మొక్కుతారు. బతికున్న రోజుల్లో ఆమెను జనం తిక్క లక్ష్మమ్మ అనే అన్నారు. తిక్క స్వాములకు, తిక్క తాతలకు మొక్కుకొని పిల్లల్ని కన్న ఇళ్ళు ఎన్నో. మా నాన్న మిల్లులో హమాలీ. నాకు ముందు ఇద్దరు పోయారు. నేను నిలిచాను. మిల్లు గేటు దగ్గర నిలబడి ఆయన "తిక్కయ్యా..." అని పిలిస్తే రైలు కట్ట అవతల గోలీలాడుతున్న నాకు వినిపించేది. సాగే పేరే అది.

తెలుగు పంతులు నన్నయ, తిక్కన, ఎర్రన అని చెప్పిన రోజు ఒక్కటే నాకు ఆ పేరుతో మర్యాద దక్కింది. మిగతా రోజుల సంగతి మీరే ఊహించుకోండి. పదో క్లాసు పరీక్ష ఫారాలు నింపేటప్పుడు, పేరు మార్చుకోవాలంటే ఇదే సమయం, తర్వాత కష్టం అన్నారు బళ్ళో. నేను సినిమా పోస్టరు మీద చూసిన ఒక పేరు రాసుకున్నాను. ఇప్పుడు నేను సంతకం పెట్టేది దాంతోనే. ఫారం మీద నాన్న వేలిముద్ర కావాలి. మిల్లు దగ్గరకు పోయాను. మోస్తున్న బోరా దించి, వీపు మీది దూది దులుపుకొని, ఏం రాసినావో చదువు అన్నాడు. చదివాను. ఒకసారి తనూ పలికి చూసుకున్నాడు, కుదరలేదు.

"బాగుందప్పా" అన్నాడు. వేలు సిరాలో అద్ది నొక్కాడు.

ఆ తర్వాత ఆయన ఇరవై రెండేళ్ళు బతికాడు. నన్ను తిక్కయ్యా అని మళ్ళీ పిలవలేదు. కొత్త పేరుతోనూ పిలవలేదు. "ఏమప్పా", "ఇట్ల రాప్పా", "అన్నం తింటివా అప్పా". కొడుకు చదువుకున్నాడు కదా, మర్యాద ఇస్తున్నాడు అనుకున్నాను నేను. చాలా ఏళ్ళు అట్లాగే అనుకున్నాను.

సరే, తొట్టి కార్యం గురించి చెప్పాలి. పురుడు బెంగళూరులో అయినా, పిల్లోణ్ణి తొట్లో వేసేది మాత్రం మా ఇంట్లోనే అని మా దోస్తు తల్లి పట్టుబట్టింది. అవ్వకు తొంభై దాటాయి. ఆ ఇంట్లో ఒకప్పుడు రెండు మగ్గాలు ఆడేవి. అవ్వ భర్త ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘానికి నేసినవాడు. ఆ సంఘాన్ని 1938లో మాచాని సోమప్పగారు నిలబెట్టారు, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఇంట్లో సోమప్ప అంటే దేవుడి తర్వాతి పేరు. నాకు మనవడు పుడితే సోమప్ప అని పెడతా అని మావాడు తనకింకా పెళ్ళి కాకముందే అనేవాడు. ముందు పెళ్ళికూతురు దొరకనీరా అని నేను నవ్వేవాణ్ణి.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు ముప్పై కిలోమీటర్లు. బస్సులో ఆ ముప్పై కిలోమీటర్లూ నేను పాఠం అప్పజెప్పుకున్నాను. 'ఒరే, పేరు ఫరవాలేదు గానీ, ఇంట్లో పిలుచుకోవడానికి ఇంకొకటి పెట్టుకోండి.' ఇది మెత్తగా ఉంది. 'ఒరే, నేను ఆరోజు తుమ్మనుకున్నా.' ఇది నిజంగా ఉంది. దిగేసరికి రెండూ మరచిపోయాను.

ఇంటి నిండా చుట్టాలు. గుగ్గిళ్ళ వాసన, ఓళిగల వాసన. ముందుగా రుబ్బురోలు గుండును కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చిన్న టోపీ తొడిగి, తొట్టి కిందినుంచి ఒకామె, పైనుంచి ఒకామె అందుకున్నారు. పిల్లోడు గుండులా గట్టిగా ఉండాలని. "గుండప్పను తీసుకో, గుండప్పను ఇయ్యి" అని నవ్వుకున్నారు. రాయికి ఎంత చక్కటి పేరు! ఆ ఇంట్లో ఉన్న ప్రతి నోరూ ఇబ్బంది లేకుండా పలికిన పేరు ఆ పొద్దు అదొక్కటే.

తర్వాత పిల్లోణ్ణి పడుకోబెట్టారు. ఎర్రగా, ముద్దుగా, ముడుచుకున్న పిడికిళ్ళతో ఉన్నాడు. పేరు ఏదైతేనేం, వాణ్ణి చూడగానే నా కోపం సగం దిగిపోయింది. మేనత్త వంగి చెవిలో పేరు చెప్పింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి పిల్లోడు ముక్కు ఎగబీల్చి, మొహమంతా ముడిచి తుమ్మాడు.

"చిరంజీవ!" అన్నారు అందరూ ఒక్కసారిగా.

మావాడు తొట్టిని వదిలి నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

అవ్వకు చెవులు సరిగా వినపడవు. పేరు ఏమన్నార్రా అని అడిగింది. మనవడు, అంటే పిల్లోడి తండ్రి, వంగి ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పాడు. ఆమెకు చివరి ముక్క ఒక్కటే వినపడినట్టుంది. "ష్ అంటావేందప్పా? నేనేం మాట్లాడినా? ఊకుండమంటే ఊకుంటాలే" అని, కొంగు ముందుకు లాక్కొని, గోడకు ఆనుకుంది. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. కాసేపయ్యాక చూస్తే అవ్వ నిజంగానే మాట్లాడ్డం మానేసి కూర్చుంది.

ఇంకో సంగతి గమనించాను. మావాడు ఆ పొద్దంతా మనవణ్ణి ఎత్తుకొని తిప్పాడు, వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. "మా బుడ్డోడు", "చూడప్పా మావోణ్ణి", "ఏమప్పా, నిద్దరొస్తాందా?" ఇవే మాటలు. పేరు ఒక్కసారి కూడా పలకలేదు.

సాయంత్రం నన్ను బస్టాండులో దింపడానికి బండి మీద వచ్చాడు. ఆదోని బస్సు నిలబడి ఉంది, డ్రైవరు టీ తాగుతున్నాడు. ఇద్దరం వేపచెట్టు కింద నిలబడ్డాం. కాసేపు గుగ్గిళ్ళు తక్కువైనాయా ఎక్కువైనాయా అని మాట్లాడుకున్నాం.

"ఆ పొద్దు ఫోన్లో నువ్వు చిరంజీవ అన్నెది..." అన్నాడు.

"దీవించినా" అన్నాను.

"ఊ" అన్నాడు. డ్రైవరు గ్లాసు పెట్టి లేచాడు. "నిజం చెప్పు తిక్కా. పేరు ఎట్లుంది?"

కోళ్ళు, కుక్కరు, బ్రష్షు, ఐస్‌లాండ్ సంఘం, న్యూజిలాండ్ జడ్జి, అన్నీ నోటిదాకా వచ్చాయి. నెల రోజులు నానబెట్టుకున్న సరుకు.

"బాగుందప్పా" అన్నాను.

వాడు బండి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ కొంచెంసేపు ఊరుకున్నాడు.

"నేను గూడా మావోనికి అదే జెప్పినా" అన్నాడు.

బస్సెక్కాను. వెనక సీటు దొరికింది. బస్సు బస్టాండు గేటు దాటి రోడ్డెక్కుతుండగా, ఆ ఇంజను రొదనూ, హారన్లనూ, సోడాబండి గంటనూ తోసుకొని ఒక కేక వచ్చింది.

"తిక్కయ్యా...!"

బస్సులో ఉన్నవాళ్ళందరూ నవ్వుతూ వెనక్కి తిరిగారు, ఈ తిక్కోడెవడా అని. అద్దంలోంచి చూస్తే వాడు వేపచెట్టు కింద గుగ్గిళ్ళ సంచి పైకెత్తి ఊపుతున్నాడు. సంచి మరచి ఎక్కేశాను.

"ఓ..." అని పలికి, కండక్టరును ఆపమని లేచాను.